శనివారం: అడ్రసు మార్పు కాగితాలు

ఇవాళ శనివారం. టెక్సస్‌లోని మా ఇర్వింగ్‌లో, వలస వచ్చినవాళ్ళకి ఇమిగ్రేషన్ కాగితాల్లో సాయం చేసే శిబిరం ఉంది. చర్చి హాలుకి వెళ్ళేసరికే బల్లలు వేసేశారు, బయట జనం కూడా ఉన్నారు. ఈ ఊళ్ళో 183 హైవేకి ఉత్తరాన ఎక్కువగా మనవాళ్ళు, దక్షిణాన మెక్సికో, హోండురాస్, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన కుటుంబాలు. ఇన్నేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉంటున్నా వాల్‌మార్ట్‌లో తప్ప ఒకరికొకరం పెద్దగా ఎదురుపడం.

నా పని చిన్నదే. పేర్లు రాసుకోవడం, కాగితాలు జిరాక్స్ తీయడం, ఎవరు ఏ బల్ల దగ్గరికి వెళ్ళాలో చూపించడం. సలహా మాత్రం ఇవ్వకూడదు. "ఈ గడిలో టిక్ పెట్టనా?" అని అడిగినా సరే, అది లాయరే చెప్పాలి, లేదంటే న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి చెప్పాలి. లా చదవకపోయినా, గుర్తింపు పొందిన సంస్థలో ఉంటూ ఇమిగ్రేషన్ కేసులు చూసే అనుమతి ఈ ప్రతినిధులకి ఉంటుంది. వాళ్ళే లేకపోతే ఇలాంటి శిబిరాలు నడవడం కష్టం. జైలు పడే దొంగతనం కేసులో అయితే డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయర్ని పెడుతుంది. దేశం నుంచి పంపించేసే కేసు మాత్రం సివిల్ వ్యవహారం కింద లెక్క. లాయర్ని మనమే వెతుక్కోవాలి. పిల్లల కేసైనా అంతే.

పొద్దుటి నుంచి ఎక్కువగా అడ్రసు మార్పులే. అద్దె పెరిగిందనో, పని మారిందనో ఇల్లు మారతారు. మారిన ఐదు రోజుల్లోపు ఇమిగ్రేషన్ కోర్టుకి ఈఓఐఆర్-33 అనే ఫారం పంపాలి. వీసా, గ్రీన్‌కార్డు దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ఆఫీసుకి వేరే ఫారం, ఏఆర్-11. ఒక ఆఫీసుకి చెబితే రెండోదానికి తెలియదు. కోర్టు నోటీసు పాత ఇంటికి వెళ్తుంది, వాయిదాకి మనిషి రాడు, జడ్జి అతను లేకుండానే పంపించేయమని ఆర్డరు ఇచ్చేస్తారు. ఎన్నేళ్ళుగానో నడుస్తున్న అసైలమ్ (సొంత దేశంలో ప్రాణభయం ఉందని ఆశ్రయం అడిగే) కేసు ఒక్క ఉత్తరం అందక అలా పోతుంది. అందుకే అడ్రసులో అపార్ట్‌మెంట్ నంబరు ఉందా లేదా అని నేను రెండుసార్లు చూస్తాను. చాదస్తం అనుకుంటే అనుకోనీ.

మధ్యాహ్నం ఒక హోండురాస్ తల్లి వచ్చింది. పక్కన ఎనిమిదో తరగతి చదివే కూతురు. మాటలన్నీ ఆ పిల్లే ఇంగ్లీషులో చెబుతోంది. మా కోఆర్డినేటర్ చూసి, ఆ పిల్లని మెల్లగా లేపి బొమ్మల బల్ల దగ్గరికి పంపి, స్పానిష్ వచ్చిన వాలంటీర్‌ని కూర్చోబెట్టింది. తరవాతి ప్రశ్న వినగానే ఎందుకో అర్థమైంది: "ఒక సాయంత్రం మీరు ఇంటికి రాకపోతే పిల్లల్ని స్కూలు నుంచి ఎవరు తీసుకొస్తారు?" ఆ ప్రశ్నని తర్జుమా చేసి అమ్మని అడగాల్సిన పని ఆ పిల్లది కాదు. స్కూలు ఫారంలో ఎవరి పేరు రాయాలి, పిల్లల్ని చూసుకునే బంధువుకి ఏ కాగితం మీద అధికారం ఇవ్వాలి, అన్నీ లాయరు ఒక్కొక్కటే రాయించాడు. ఇమిగ్రేషన్ వాళ్ళు ఒక్కో మనిషి ఫైలుకి ఇచ్చే ఏ-నంబరు ఫోన్‌లో ఉంటే చాలదు, చెల్లెలి దగ్గర కాగితం మీద ఉండాలన్నాడు. ఎవరినైనా పట్టుకుంటే, ఎక్కడ ఉంచారో ఇమిగ్రేషన్ వాళ్ళ వెబ్‌సైట్‌లో వెతకడానికి ఆ నంబరే తేలిక దారి. తలుపు తట్టినవాళ్ళు చూపించే కాగితం మీద జడ్జి సంతకం ఉందో లేదో చూడాలని, లేకపోతే తలుపు తీయక్కర్లేదని కూడా చెప్పాడు. ఆవిడ అన్నిటికీ తలూపింది. మొదటిసారి వింటున్నట్టు మాత్రం అనిపించలేదు.

భోజనానికి ఎవరో తమాలెస్ తెచ్చారు. మొక్కజొన్న పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి. విప్పుతుంటే కోనసీమ పొట్టిక్కలు గుర్తొచ్చాయి.

మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో తెలిసిన అన్నయ్య ఒకాయన అన్నాడు: "మనం లైన్లో నిలబడ్డాం కదమ్మా, వాళ్ళెందుకు నిలబడరు?" ఆయన బాధ నాకు తెలుసు. ఏ దేశం వాళ్ళకైనా ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వరనే లెక్కలో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసి జుట్టు నెరిసినవాడు. కానీ మనకి ఉన్న లైను ఇంజనీరింగ్ డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళ లైను. రూఫింగ్ పని చేసేవాడికి, హోటల్ గదులు ఊడ్చే ఆవిడకి అలాంటిది దాదాపు లేదు. మెక్సికోలో ఉన్న తమ్ముడి కోసం పౌరసత్వమున్న అక్క అప్లై చేసినా ఇరవై ఏళ్ళకి పైనే పడుతుంది. అప్పుడు ఇదంతా చెప్పలేదు, కేక్ కట్ చేస్తున్నారు. ఈసారి చెబుతాను.

ఆ హోండురాస్ పిల్ల వెళ్ళేటప్పుడు సైన్స్ ప్రాజెక్టు గురించి చెప్పింది. కాగితాలు లేని పిల్లలకి కూడా బడి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది మన టెక్సస్ కేసులోనే, టైలర్ ఊరి కేసు, 1982 జూన్ 15న. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకి అదే తేదీన డాకా ప్రకటించారు, చిన్నప్పుడే ఇక్కడికి వచ్చిన కాగితాలు లేనివాళ్ళని పంపించేయకుండా పని చేసుకోనిచ్చే పథకం. ఇప్పుడు డాకా ఉన్నవాళ్ళు రెన్యూవల్ చేసుకుంటున్నారు గానీ, కొత్తవాళ్ళ దరఖాస్తులు కోర్టు గొడవల్లో ఆగిపోయి ఉన్నాయి. ఈ పిల్ల ఎలాగూ దాని కిందకి రాదు, అది 2007 నుంచి ఇక్కడ ఉంటున్నవాళ్ళకే, అప్పటికి ఈ పిల్ల పుట్టనే లేదు.

వచ్చే శనివారం హాలు దొరకదట, అక్కడ ఎవరి అమ్మాయిదో కిన్సెన్యేరా, అంటే పదిహేనో పుట్టినరోజు వేడుక ఉంది. ఆ పైవారం డాకా రెన్యూవళ్ళు. ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది, సోమవారం కొనాలి.