జంట పీతలు

ఆగస్టులో ఓ శనివారం తెల్లవారుజామునే నాన్నని పీతల వేటకి కెంట్ ఐలాండ్ తీసుకెళ్ళాను. మేరీలాండ్‌లో మా ఇంటి నుంచి గంటన్నర దారి. కారు బే బ్రిడ్జ్ ఎక్కగానే కింద చీసపీక్ బే నీళ్ళు చూసి, "మన అంతర్వేది దగ్గర గోదారిలా ఉందేంటమ్మా" అన్నారు. నిజమే. పైనుంచి నదుల మంచినీళ్ళు వచ్చి కింద అట్లాంటిక్ ఉప్పునీళ్ళలో కలుస్తాయి. పీతలకి అలాంటి నీళ్ళే ఇష్టం.

నా సామాను చూసి ఆయన ముచ్చటపడ్డారు. నూలు తాడు, బరువుకి ఇనప వాషర్, చివర కోడి మెడ, పొడుగు కర్రకి బిగించిన వల, ఐస్‌బాక్స్, స్కేలు. అంతే. తాడుతో, చేతి వలతో పట్టుకునేవాళ్ళకి ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు. కోడి మెడే ఎందుకంటే, అది గట్టిగా ఉంటుంది, పీత ఎంత పీకినా త్వరగా ఊడిరాదు. మాలాంటి సరదా వేటగాళ్ళని ఇక్కడివాళ్ళు 'చికెన్ నెకర్స్' అంటారు. చిన్నప్పుడు మా కాలవ గట్టున అన్నయ్యా నేనూ తాడుకి చేప తలకాయ కట్టేవాళ్ళం.

వదులుగా ఉన్న తాడు బిగిసి పక్కకి జరిగిందంటే పీత ఎర పట్టిందన్నమాట. అక్కడ తొందరపడితే పోతుంది. బెత్తెడు బెత్తెడుగా లాగాలి. తిండి మీదున్న పీత తాను పైకొస్తున్న సంగతి గమనించదు. మన నీడ పడిందా, వదిలేస్తుంది. నీళ్ళలో మసకగా కనబడగానే రెండోవాళ్ళు వలని కిందనుంచి తేవాలి. నేను లాగుతుంటే నాన్న వల పట్టారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒక్కటీ జారనివ్వలేదు.

కొలత దగ్గర మాత్రం ఆయనకి మనసొప్పలేదు. పెంకు ఈ ముల్లు కొన నుంచి ఆ ముల్లు కొనకి, జూలై 15 నుంచి ఐదుంపావు అంగుళాలుండాలి. అంతకు ముందైతే ఐదు. పెంకు గట్టిపడిన ఆడపీతని మాలాంటివాళ్ళు అసలు ఉంచుకోకూడదు. ఆడదాని డెక్కల కొసలు గోళ్ళరంగు వేసుకున్నట్టు ఎర్రగా ఉంటాయి. తిప్పి చూస్తే మగదాని పొట్ట మీద సన్నటి స్తంభం ఆకారం, ఈడొచ్చిన ఆడదానికి గుమ్మటం ఆకారం. "గుడ్డు పీత వదిలేస్తారా! దానికే కదమ్మా రుచి" అన్నారు నాన్న. మా మామ్మా అదే మాట అనేది.

తొమ్మిదింటప్పుడు వంతెన స్తంభం దగ్గర ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని రెండు పీతలు కనిపించాయి. పైన పెద్ద మగది, దాని కాళ్ళ మధ్య చిన్న ఆడది. నాన్న వల ఎత్తేశారు. నేను "వద్దు నాన్నా" అని చెయ్యి పట్టుకున్నాను.

పోయినేడు సరిగ్గా ఇలాంటి జంటే నాకు దొరికింది. మగదాన్ని బాక్సులో వేసుకుని ఆడదాన్ని నీళ్ళలోకి విసిరేశాను, పుణ్యం చేసినట్టే అనుకుని. పక్కన తాళ్ళు వేసుకున్న పెద్దాయన అప్పుడు చెప్పారు. ఆడపీత చివరిసారి పెంకు విడిచే ముందు మగది దాన్ని అలా మోస్తుంది. పెంకు విడిచి ఒళ్ళు మెత్తబడినప్పుడే అవి కలుస్తాయి. ఆడదానికి బతుకులో ఆ కలయిక ఒక్కసారే. కొత్త పెంకు గట్టిపడేదాకా చేపలూ తోటి పీతలూ తినేయకుండా మగదే కాపు కాస్తుంది. తర్వాత ఆడది గుడ్ల కోసం ఉప్పు ఎక్కువుండే దక్షిణం వైపుకి, వర్జీనియా దాకా ఈదుకుంటూ పోతుంది. అదంతా విన్నాక ఆ రోజు కూర నాకు సయించలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే.

నాన్న మొత్తం విన్నారు. వల నీళ్ళలోకి దించి, కర్ర ఒక పక్కకి వాల్చారు. మగది పట్టు వదలకుండానే ఆడదాన్ని మోసుకుంటూ గడ్డి ఉన్న వైపు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి పదకొండు దక్కాయి. ఇంటికొచ్చాక ఐసులో ఉంచి, కదలిక ఆగాక కడిగాను. చచ్చిన పీత వండకూడదు కాబట్టి అప్పటిదాకా ప్రాణంతోనే తెచ్చాం. మొప్పలు తీసేశాను. పెంకులోని పసుపు ముద్ద నాకు ప్రాణం, కానీ నీళ్ళలోని కాలుష్యం అందులో చేరుతుందని తీసి పడేశాను. ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి, కాస్త చింతపండు వేసి దగ్గరగా ఇగర్చాను. ఇక్కడివాళ్ళు ఓల్డ్ బే మసాలా జల్లి ఆవిరి మీద ఉడికిస్తారు. అదీ బాగుంటుంది గానీ, వేడన్నంలోకి మన ఇగురే.

నాన్న రెండు డెక్కలు పగలగొట్టుకుని తిన్నారు. మూడోది చేతిలో పట్టుకుని, "ఆ రెండూ ఈపాటికి గడ్డిలోకి చేరుంటాయంటావా?" అని అడిగారు.