గొంతుక్కూర్చోవడానికి పది నెలలు

2023 నవంబర్‌లో ఒక శనివారం. ఘట్‌కేసర్ దగ్గర మ్యాటింగ్ పిచ్ మీద మా ఆఫీసు టీముకు కీపింగ్ చేస్తున్నాను. బంతి లెగ్ సైడ్ పోతుంటే ఎడమకు దూకాను. ఒళ్ళు తిరిగింది గానీ షూ మ్యాట్ అంచులో ఇరుక్కుని కాలు తిరగలేదు. మోకాట్లో టప్‌మని చప్పుడు. స్లిప్‌లో ఉన్నవాడు అది బ్యాట్‌కు తగిలిన చప్పుడనుకుని గట్టిగా అప్పీల్ కూడా చేశాడు.

సాయంత్రానికి మోకాలు కొబ్బరిబోండంలా ఉబ్బింది. దగ్గర్లో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక బాగానే ఉంది, బెణుకే, క్రేప్ బ్యాండేజ్ చుట్టుకో అన్నాడు. మూడు వారాలు అలాగే ఆఫీసుకు తిరిగాను. మెట్లు దిగుతుంటే మోకాలు నాది కానట్టు పక్కకు జారేది. ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదన్న సంగతి ఎమ్మారై తీయించాకగానీ నాకు తెలియలేదు. మోకాటి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగింది. జనవరి మూడో వారంలో ఆపరేషన్ చేసి, తొడ వెనక కండరం నుంచి నరంలాంటి తాడు తీసి లోపల కట్టారు.

"పంత్ రాలేదా? నువ్వూ వస్తావ్!" చూడ్డానికి వచ్చిన ప్రతివాడిదీ ఇదే మాట. ఒక దశలో ఆ పేరు వింటేనే చిరాకేసేది. 2022 డిసెంబర్ 30న రూర్కీ దగ్గర కారు ప్రమాదంలో భారత కీపర్ రిషభ్ పంత్ కుడి మోకాలి లిగమెంట్లు తెగాయి. అప్పటికింకా ఆట మొదలుపెట్టలేదు. అతను పాతికేళ్ళ కుర్రాడు, రోజంతా మోకాలి పనే పెట్టుకున్న మనిషి. నాకు నలభై ఒకటి, ఇంటి ఈఎంఐ, దిల్‌సుఖ్‌నగర్‌లో వారానికి మూడుసార్లు ఫిజియో. పోలికకు ఒక హద్దుండాలి కదా.

నిజానికి పంత్ అంటే నాకు ఇష్టమే. 2018 అక్టోబర్‌లో వెస్టిండీస్ టెస్టుకు ఉప్పల్ వెళ్ళాను. రెండో రోజు ఆట ముగిసేసరికి 85 మీద ఉన్నాడు. మర్నాడు ఆదివారం, పొద్దున్నే సెంచరీ చూద్దామని మళ్ళీ వెళితే 92 దగ్గర అవుటయ్యాడు. అంతకు ముందు రాజ్‌కోట్‌లోనూ 92కే. ఆ డిసెంబర్‌లోనే అడిలైడ్ టెస్టులో 11 క్యాచ్‌లు పట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. జనానికి మాత్రం ఆస్ట్రేలియాలోని గబ్బా మైదానంలో కొట్టిన 89 నాటౌటే గుర్తు. కీపర్ బ్యాటింగే అందరూ చూస్తారు, కూర్చోవడం ఎవరూ చూడరు. రోజుకు 90 ఓవర్లంటే 540 బంతులు, అన్నిసార్లు గొంతుక్కూర్చుని లేవాలి.

ఆపరేషనైన వారానికే, జనవరి 25న, ఉప్పల్‌లో ఇంగ్లండ్ టెస్టు మొదలైంది. స్టేడియం మా ఇంటికి పది నిమిషాల దూరం. నేను కాలికి బ్రేస్‌తో, దిండ్ల మీద కాలు పెట్టుకుని టీవీలో చూశాను. మన కీపర్ వైజాగ్ కుర్రాడు కె.ఎస్. భరత్. ఇంగ్లండ్ బ్యాటర్ పోప్ 196 కొడుతుంటే అందరూ పోప్‌ను తిట్టుకున్నారు, నేను భరత్ మోకాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ప్రతి బంతికీ మడమలు లేపి కూర్చోవడం, లేవడం. నాకప్పటికి మోకాలు ముప్పై డిగ్రీలు కూడా వంగడం లేదు. చివరికి సిరాజ్ స్టంపౌటై 28 పరుగులతో మనం ఓడాం. అమ్మ వంటింట్లోంచి, "పోనీలేరా, వాళ్ళ కాళ్ళు బాగానే ఉన్నయి గదా," అంది.

ఫిజియో అంటే బరువులెత్తడం అనుకున్నా. మొదటి నెలంతా చుట్టిన టవల్ మోకాలి కింద పెట్టుకుని కిందికి నొక్కడమే. ఫిజియో మేడమ్ పాతబస్తీ ఆవిడ. "ఏక్, దో..." అంటూ పది దాకా లెక్కపెట్టేది. నేను మధ్యలో వదిలేస్తే మళ్ళీ ఒకటి నుంచి. తొడ కండరం బిగుసుకోమంటే బిగుసుకోదు, చూస్తూ ఉంటే చూస్తూనే ఉంటుంది. టేపు పెట్టి కొలిస్తే కుడి తొడకన్నా నాలుగు సెంటీమీటర్లు సన్నం. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ మీద పెట్టడానికి రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ కొన్నాం. దాని గురించి ఇంతకన్నా రాయను.

మార్చి 23న పంత్ మళ్ళీ మైదానంలోకి దిగాడు. కొట్టింది 18 పరుగులే. నేను చూసింది మాత్రం కుల్దీప్ బంతికి చేసిన స్టంపింగ్. స్పిన్‌కు కీపర్ వికెట్ల దగ్గరే ఉండి, చివరిదాకా లేవకుండా కూర్చోవాలి. కూర్చోగలిగాడు! ఆ రాత్రి నా భార్య పడుకున్నాక మంచం అంచు పట్టుకుని నేనూ ప్రయత్నించాను. సగంలోనే ఆగిపోయాను. తెల్లారి మోకాలు వాచింది. మేడమ్ తిట్లు హిందీలో వినాలి.

సెప్టెంబర్‌లో అతను చెన్నైలో బంగ్లాదేశ్ మీద 109 కొట్టే సమయానికి నా లెక్క వేళ్ళలోకి వచ్చింది. కూర్చుంటే మడమకూ పిరుదుకూ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయన్నదే కొలత. జూన్‌లో అరచెయ్యి, ఆగస్టులో నాలుగు వేళ్ళు. నవంబర్ వచ్చేసరికి రెండు. అక్కడే ఆగింది.

ఇప్పుడు ఆదివారాలు ఫస్ట్ స్లిప్‌లో నిలబడుతున్నాను. కొత్త కీపర్ కుర్రాడు పూర్తిగా కూర్చోకుండానే లేచిపోతాడు. నేను ఊరుకోలేక, "కింద కూసో రా, ఇంకా కింద," అంటుంటాను. వాడు ఒకసారి వెనక్కి తిరిగి, "అన్నా, నువ్వే కూసోరాదు," అన్నాడు.

గ్లవ్స్ అటక మీదే ఉన్నాయి. వాచ్‌మన్ కొడుక్కి ఇచ్చేద్దామా అని మా ఆవిడ అడిగింది. సంక్రాంతి అయ్యాక చూద్దాం అన్నాను. ఏ సంక్రాంతో చెప్పలేదు.