డిష్‌వాషర్‌లోకి నీళ్లు చాలినన్ని రాకపోతే

గిన్నెలు సరిగా శుభ్రపడనప్పుడు చాలామంది ముందుగా అనుమానించేది డిటర్జెంటునే. రకం మారుస్తారు, మోతాదు పెంచుతారు, ఎక్కువ వేడితో నడిచే ప్రోగ్రాం పెడతారు. అయినా గ్లాసుల మీద తెల్లటి పొడి, పళ్లాల అంచున ఎండిన మరకలు అలాగే ఉంటాయి. ఇలాంటప్పుడు డిటర్జెంటు సంగతి పక్కన పెట్టి, యంత్రం లోపల ఎంత నీరు నిలుస్తోందో చూడడం మంచిదని నా అభిప్రాయం. దీనికి పనిముట్లేవీ అక్కర్లేదు. ప్రోగ్రాం మొదలై, నీళ్లు నిండే చప్పుడు ఆగి, కడగడం మొదలైన కాసేపటికి తలుపు కొద్దిగా తెరిచి, స్ప్రే ఆర్ములు (నీరు చిమ్ముతూ తిరిగే కడ్డీలు) ఆగాక, ఆవిరి ముఖానికి తగలకుండా జాగ్రత్తపడి, అడుగున చూస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. డిష్‌వాషర్ తొట్టి సగం వరకైనా నిండాలని కొందరు అనుకుంటారు. ఈనాటి యంత్రాలు ఒక విడతకు సుమారు 3, 4 లీటర్లు మాత్రమే తీసుకుని, ఆ నీటినే పంపుతో మళ్లీ మళ్లీ చిమ్ముతాయి. కాబట్టి ఫిల్టర్ ఉన్న గుంట నిండి, నీరు దాని అంచు దాటి కొద్దిగా పరుచుకుంటే చాలు. వేడిచేసే కడ్డీ బయటికి కనిపించే మోడళ్లలో నీరు దాదాపు ఆ కడ్డీ దాకా రావాలి. గుంటలో ఫిల్టర్ జాలీ సగం పొడిగా తేలి కనబడుతోందంటే నీరు చాలనట్టే.

కంటితో చూసి తేల్చుకోలేకపోతే చెవిని నమ్మవచ్చు. నీళ్లు చాలినప్పుడు చప్పుడు ఒకే తీరున సాగుతుంది. చాలనప్పుడు పంపు నీటితోపాటు గాలినీ పీల్చుకుంటుంది కాబట్టి చప్పుడు ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గి, మధ్యమధ్య గుడగుడమంటుంది. అప్పుడు తలుపు తెరిచి లీటరు నీళ్లు చేత్తో పోసి, మళ్లీ నడిపించి వినండి. చప్పుడు నిలకడగా మారితే లోపం నీటి రాకలోనో, నిలవలోనో ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. కానీ చప్పుడు కొద్దిసేపు బాగుపడి మళ్లీ మొదటికి వస్తే ఫిల్టర్‌ను చూడాలి. జాలీకి జిడ్డు పట్టినప్పుడు తొట్టిలో నీరున్నా అది పంపు దగ్గరికి తగినంత వేగంగా చేరదు. నురుగు కూడా ఇలాంటి చప్పుడే చేయిస్తుంది. చేత్తో గిన్నెలు తోమే సబ్బు ద్రవం పొరపాటున లోపల పడితే జరిగేది ఇదే. వెల్లకిలా పెట్టిన లోతైన గిన్నె ఒక్కటి చాలు, ఉన్న కొద్దిపాటి నీటిలో మంచి వాటా తనలో పట్టుకుని కూర్చోవడానికి.

ఇవేవీ కాకపోతే అసలు ప్రశ్నకు వస్తాం. నీళ్లు చాలాయని యంత్రానికి ఎలా తెలుస్తుంది? మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలన్నది దీన్నిబట్టే ఉంటుంది. చాలా పాత యంత్రాలూ, కొన్ని సాదా మోడళ్లూ కేవలం కాలాన్ని కొలుస్తాయి: నీటిని లోపలికి వదిలే వాల్వును (ఇన్‌లెట్ వాల్వు) నిర్ణీత సమయం తెరిచి ఉంచి మూసేస్తాయి. వాటిలో కుళాయి ధార సగానికి తగ్గితే తొట్టిలో నీరు కూడా సగానికే వస్తుంది, యంత్రం మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా ముందుకు సాగిపోతుంది. కొన్నింటిలో సన్నని గొట్టం ద్వారా గాలి ఒత్తిడిని పసిగట్టే ప్రెషర్ స్విచ్ ఉంటుంది. ఆ గొట్టం మొదట్లో ఉండే చిన్న గదిలో జిడ్డు పేరుకుని గాలి ఇరుక్కుపోతే, తొట్టి నిండకముందే నిండిందని స్విచ్ చెబుతుంది. మరికొన్నింటిలో నీరు వచ్చే దారిలోనే చిన్న చక్రం తిరుగుతుంది. దానిలోని అయస్కాంతం ప్రతి చుట్టుకూ ఒక స్విచ్‌ను తాకిడి లేకుండానే మూసి తెరుస్తుంది, సర్క్యూట్ బోర్డు ఆ చుట్లను లెక్కపెడుతుంది. ధార సన్నగా ఉంటే ఇలాంటి యంత్రం ఓపికగా ఎదురుచూసి, గడువు దాటితే ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. అయితే చక్రాన్ని గాలి కూడా తిప్పగలదు. సరఫరా ఆగి మళ్లీ వచ్చినప్పుడు పైపులో చేరిన గాలి చక్రాన్ని గిరగిరా తిప్పి పోతే లెక్క పూర్తవుతుంది, నీరు మాత్రం తక్కువగానే ఉంటుంది. ఒక్కో రోజు బాగా కడిగి, ఒక్కో రోజు కడగని యంత్రాల విషయంలో ఈ కోణాన్నీ పరిశీలించాలి.

యంత్రాన్ని విప్పకముందు కుళాయిని పరీక్షించండి. కుళాయి మూసి, యంత్రానికి వెళ్లే గొట్టాన్ని విప్పి, బకెట్ పెట్టి నిమిషానికి ఎంత నీరు వస్తుందో కొలవండి. నిమిషానికి 10 లీటర్లు ఉండాలని కొన్ని తయారీదారుల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. నీరు ట్యాంకు నుంచి వచ్చేచోట మరో లెక్క కూడా వేసుకోవాలి. ఒక మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. యంత్రానికి కనీసం 0.3 బార్ కావాలంటే ట్యాంకులోని నీటి మట్టం వాల్వు కంటే 3 మీటర్లు, 0.5 బార్ కావాలంటే 5 మీటర్లు పైన ఉండాలి. పైపు వంపుల్లో పోయేది దీనికి అదనం. ఎత్తు చాలనిచోట ఎన్ని విడిభాగాలు మార్చినా ప్రయోజనం ఉండదు. అలాగే యంత్రాన్ని గోడకు నెట్టినప్పుడు వెనుక గొట్టం నలిగిందేమో కూడా చూడాలి.

కుళాయి ధార బాగానే ఉంటే, తరువాత చూడవలసింది గొట్టం కలిసే చోట ఉండే చిన్న జాలీ. ఇది సాధారణంగా కుళాయి వైపు గానీ, వాల్వు ముఖంలో గానీ, కొన్నింటిలో రెండుచోట్లా గానీ ఉంటుంది. ప్లగ్ తీసి, కుళాయి కట్టి, గొట్టం విప్పి, జాలీ మధ్యలో ఉన్న చిన్న ముక్కును పట్టకారుతో నెమ్మదిగా లాగితే బయటికి వస్తుంది. వెలుతురుకు పెట్టి చూడండి: తుప్పు రంగు ఇసుక రేణువులు, సున్నపు పెచ్చులు, అరిగిన రబ్బరు వాషర్ నుంచి ఊడిన నల్లటి తునకలు అడ్డుపడి, వందల రంధ్రాల్లో కొన్నిటిలోంచే వెలుతురు కనిపించవచ్చు. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, సున్నం పట్టి ఉంటే వెనిగర్‌లో కాసేపు నానబెట్టి, తప్పకుండా తిరిగి అమర్చండి. జాలీ లేకుండా నడిపితే ధార పెరిగి సమస్య తీరినట్టే ఉంటుంది. ఆ తరువాత ఒక్క రేణువు వాల్వులో ఇరుక్కుంటే వాల్వు పూర్తిగా మూసుకోక నీరు వస్తూనే ఉంటుంది. గొట్టం చివర పెట్టె లాంటి భాగం ఉంటే దాన్ని కోయకండి. కొన్ని మోడళ్లలో నీరు కారినప్పుడు సరఫరా ఆపే వాల్వు ఆ పెట్టెలోనే ఉంటుంది, గొట్టం లోపల కరెంటు తీగలు కూడా ఉంటాయి.

ఇన్‌లెట్ వాల్వును నిందించే ముందు అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలా ఖర్చు తప్పుతుంది. కాయిల్‌లో కరెంటు పారినప్పుడు అది పైకి లాగేది చిన్న మొనను మాత్రమే. ఆ మొన కింద ఉన్న సన్నని రంధ్రం తెరుచుకోగానే రబ్బరు పొర వెనుక ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు నీరే తన ఒత్తిడితో పొరను పైకెత్తి దారి చేసుకుంటుంది. అందుకే ఒత్తిడి బాగా తక్కువైతే నిక్షేపంలాంటి వాల్వు కూడా సగమే తెరుచుకుంటుంది. రబ్బరు గట్టిపడినా ఫలితం అదే. కాయిల్ సంగతి వేరు. అది పనిచేస్తే పనిచేస్తుంది, తెగితే నీళ్లు అసలే రావు. కాబట్టి కొద్దిగానైనా నీరు వస్తున్నప్పుడు మల్టీమీటర్‌తో కాయిల్‌ను కొలుస్తూ కూర్చోవడం వృథా శ్రమ. నీరు చుక్క కూడా రానప్పుడు మాత్రం, ప్లగ్ తీసి, వైర్లు ఊడదీసి కొలవడం సబబే: 230 వోల్టుల వాల్వుల్లో నిరోధం సాధారణంగా కొన్ని వేల ఓములు ఉంటుంది, కాయిల్ తెగితే మీటరులో ఏ విలువా రాదు.

వచ్చిన నీరు నిలవకుండా పోతున్న సందర్భాలూ ఉన్నాయి, పైగా ఇవి పైకి తెలియవు. డ్రెయిన్ పైపు మధ్యలో ఎక్కడా పైకి ఎక్కకుండా నేరుగా కిందికి దిగితే, పంపు ఒకసారి నీటిని తోసిన తరువాత సైఫన్ ఏర్పడి, పంపు ఆగినా నీరు జారిపోతూనే ఉంటుంది. నిండడం పూర్తయ్యాక కరెంటు ప్లగ్ తీసి, పావుగంట ఆగి మట్టం చూడండి. తగ్గితే పైపును సింకు అంచు దగ్గరి దాకా ఎత్తి కట్టి, మళ్లీ పరీక్షించాలి. అడుగు పళ్లెంలోకి నీరు కారితే చాలా యంత్రాల్లో అక్కడి ఫ్లోట్ (నీటిపై తేలే ముక్క) పైకి లేచి, నింపడం ఆపించి, డ్రెయిన్ పంపును ఆగకుండా నడిపిస్తుంది. యంత్రాన్ని వంచి ఆ నీటిని పారబోస్తే తాత్కాలికంగా నడుస్తుంది గానీ, కారుతున్న చోటు దొరికేదాకా పని అయినట్టు కాదు.

వాల్వు మార్చవలసి వస్తే పాతదాని మీద ముద్రించిన వోల్టేజీ, ధార పరిమాణం చూసి అలాంటిదే తీసుకోవాలి. గొట్టం బిగించేటప్పుడు కొత్త రబ్బరు వాషర్ వేయండి. ప్లాస్టిక్ నట్టును ముందు చేత్తో బిగించి, ఆపైన పట్టకారుతో పావు చుట్టు తిప్పితే చాలు. అంతకు మించితే మర పగులుతుంది. యంత్రాన్ని వెంటనే గోడకు నెట్టకుండా, గిన్నెలు పెట్టకుండా, చిన్న రిన్స్ ప్రోగ్రాం ఒకటి నడిపి, గొట్టం బిగించిన చోట పొడి కాగితం పెట్టి తడి తగులుతోందేమో చూసుకోండి.