600 బ్రాకెట్లు అన్నారు, 150 దగ్గర ఆపారు

వరంగల్ పక్కన మడికొండ దగ్గర నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. కంప్యూటర్‌తో నడిచే రెండు సీఎన్‌సీ మిషన్లు, బాపు కొన్న ఒక పాత లేత్, నలుగురు పనివాళ్ళు. రైస్ మిల్లుల షాఫ్టులు, పుల్లీలు, జిన్నింగ్ మిల్లుల బుష్‌లు చేసుకుంటూ బతికేవాళ్ళం. అలాంటి మాకు హైదరాబాద్‌లోని ఒక కంపెనీ ద్వారా యుద్ధవిమానం పని దొరికింది. పని అంటే అరచేతిలో ఇమిడే ఒక అల్యూమినియం బ్రాకెట్. అది ఏ విమానానిదో డ్రాయింగ్ మీద రాసి ఉండదు, పార్ట్ నంబరే ఉంటుంది.

ముందు ఏఎస్ 9100, అంటే విమాన భాగాలు చేసేవాళ్ళకు ఇచ్చే నాణ్యత సర్టిఫికెట్ తెమ్మన్నారు. దానికి ఏడాది పట్టింది. కడ్డీ హీట్ నంబరు (ఆ లోహం ఏ కరిగింపులోదో చెప్పే నంబరు) నుంచి ప్యాకింగ్ చేసినవాడి సంతకం దాకా అన్నీ కాగితం మీదికి ఎక్కాలి. మొదటి ముక్క మూడుసార్లు తిరిగొచ్చింది. ఒకసారైతే అంచుకు వెంట్రుకంత బర్ (కోసినప్పుడు మిగిలే లోహపు మొన) ఉందని పంపేశారు. "అన్నా, ఇది బ్రాకెట్టా, పెళ్ళిపిల్ల ముక్కుపుడకనా?" అన్నాడు మా ఆపరేటర్.

లెక్క చెప్తా, అసలు కథ అందులోనే ఉంది. ఫిక్చర్ (మిషన్‌లో ముక్కను పట్టి ఉంచే బిగింపు), మిషన్ ప్రోగ్రామింగ్, మొదటి ముక్క పరీక్షలు కలిపి నాకు 1,80,000 రూపాయలు ఖర్చయ్యాయి. ఆర్డర్ 600 అన్నారు కాబట్టి ముక్కకు 300 చొప్పున పంచాను. మెటల్, మిషన్ టైమ్, కూలి 600. మొత్తం 900 అని కొటేషన్ ఇచ్చాను. 150 ముక్కలు పంపాక, ఫిబ్రవరిలో మెయిల్ వచ్చింది: ఆ విమానం ప్రోగ్రామ్‌కు ఈ ఏడు డబ్బు తగ్గించారు, మిగతా లాట్ వచ్చే ఆర్థిక సంవత్సరంలో చూద్దాం అని. క్యాన్సల్ అన్న మాట ఎక్కడా లేదు. 1,80,000ను 150తో భాగించి చూడండి. ముక్కకు 1,200. అంటే 900కు అమ్మిన ముక్క నాకు 1,800 పడింది.

ఆ టెన్షన్‌లో రాత్రిళ్ళు ఫోన్‌లో ఇలా సంఖ్య తగ్గిన ఆర్డర్ల కథలే చదివేవాణ్ణి. అమెరికా బీ-2 బాంబర్లు 132 కట్టాలనుకుని 21తో ఆపింది, పరిశోధన ఖర్చు కలిపితే ఒక్కోటి 200 కోట్ల డాలర్లు దాటింది. వాళ్ళ ఎఫ్-22 యుద్ధవిమానాలు కూడా 750 అనుకుంటే వైమానిక దళానికి చేరినవి 187. పెద్ద విమానానికైనా నా బ్రాకెట్ లెక్కే. బడ్జెట్ చాలదని సంఖ్య తగ్గిస్తారు, తగ్గిస్తే ఒక్కోదాని ధర పెరుగుతుంది, ధర పెరిగిందని మళ్ళీ తగ్గిస్తారు.

మన దగ్గర కథ ఇంకో తీరు. 126 విమానాల కోసం 2012లో ఫ్రాన్స్ వాళ్ళ రఫేల్‌ను ఎంపిక చేశారు. 2014 ఫిబ్రవరిలో రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ ఆ ఏడాది బడ్జెట్ దాదాపు అయిపోయిందని చెప్పి ఒప్పందాన్ని తర్వాతి ఆర్థిక సంవత్సరానికి జరిపారు. చివరికి 2016లో 36కే సంతకాలు అయ్యాయి. డబ్బు ఒక్కటే కారణం కాదు, ధర మీద, పూచీ మీద పేచీలు కూడా నడిచాయి. 2025 సెప్టెంబరులో మిగ్-21లు రిటైర్ అయ్యాక, 42 స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల జట్లు) ఉండాల్సిన మన వైమానిక దళంలో 29 మిగిలాయి. 2025-26లో రక్షణకు 6.81 లక్షల కోట్లు ఇచ్చారు. వినడానికి పెద్ద అంకే, కానీ జీతాలు, పెన్షన్లు, నిర్వహణ లాంటివి పోగా కొనుగోళ్ళకు ఉన్నది 1.49 లక్షల కోట్లే. అందులోనూ పాత ఒప్పందాల కిస్తీలు ముందు కట్టాలి. మా ఇంట్లోనూ అంతే, ఈఎంఐలు పోయాకే కొత్త మిషన్ మాట.

ఇక అప్పిచ్చిన బ్యాంకు. "సార్, ఆర్డర్ పోలేదు, వెనక్కి జరిగింది" అన్నాను. "వెనక్కి జరిగింది అనే కాలమ్ మా సిస్టమ్‌లో లేదండి" అన్నారు మేనేజర్. తప్పు ఆయనది కాదు. స్టాక్ స్టేట్‌మెంట్లు, ఆ మెయిల్ ప్రింట్, పాత బిల్లులు పట్టుకుని నాలుగుసార్లు తిరిగితే ఆరు నెలలు అసలు ఆపి వడ్డీ మాత్రం కట్టమన్నారు. యాసంగి వడ్లు రాకముందు రైస్ మిల్లులకు రిపేర్లుంటాయి, ఆ పుల్లీలే మా జీతాలిచ్చాయి.

పంపిన ముక్కల బిల్లు కూడా మూడు నెలలు ఆగింది. 2006 ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం 45 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే వడ్డీతో కట్టాలి. ఫిర్యాదు పెడితే మళ్ళీ మొహం చూడరని భయం. అందుకే ఉద్యమ్ నంబరు (చిన్న పరిశ్రమగా మా రిజిస్ట్రేషన్ నంబరు), బిల్లు తేదీలు వేసి మర్యాదగా ఒక ఉత్తరం రాశాను. బిల్లు డబ్బు వచ్చింది. కొనని 450 ముక్కలకు మాత్రం ఏ చట్టమూ లేదు. బతిమాలితే ఫిక్చర్ కింద 60,000 ఇచ్చారు.

ఫిక్చర్‌కు గ్రీజు పూసి, ప్లాస్టిక్ కవర్ చుట్టి బెంచి కింద పెట్టాను. పోయిన వారం మళ్ళీ మెయిల్: 100 ముక్కలు కావాలి, రేటెంత? 1,80,000లో 150 ముక్కల మీద వచ్చిన 45,000, వాళ్ళిచ్చిన 60,000 పోగా ఇంకా రావాల్సిన 75,000ను వందతో భాగించి, ఆ 750కి మెటల్, కూలి 600 కలిపి 1,350 అని పంపాను. "అప్పుడు 900 అన్నారు కదా" అని అడిగారు. లెక్క కాగితం ఫొటో తీసి పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.