డాబా మీది ఆకాశానికి ఏ ఐపీస్?

టెలిస్కోపు కొనదలచుకున్నవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న, అది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందన్నదే. బొమ్మల దుకాణాల్లో అమ్మే డబ్బాల మీద ఆరువందల రెట్లకు పైబడిన అంకెలు అచ్చువేసి ఉంటాయి కనుక ఆ ప్రశ్నలో తప్పు లేదు. కాని వెలుతురును పోగుచేసి ఒక ప్రతిబింబాన్ని ఏర్పరచడంతోనే టెలిస్కోపులోని పెద్ద అద్దం పని ముగుస్తుంది. ఆ ప్రతిబింబాన్ని ఎంత పెద్దదిగా, ఎంత విశాలంగా, ఎంత సుఖంగా చూడగలమన్నది కంటి దగ్గర అమర్చే ఐపీస్ చేతిలో ఉంటుంది. టెలిస్కోపు నాభ్యంతరాన్ని (అద్దం నుంచి కాంతి ఒకచోట కూడే బిందువు వరకు ఉన్న దూరాన్ని) ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే వచ్చే అంకే ఆ రెట్లు. విజయవాడలో మా డాబా మీద నేను వాడే డాబ్సోనియన్ (చెక్కపీఠం మీద చేత్తో తిప్పే టెలిస్కోపు) అద్దం వ్యాసం 8 అంగుళాలు, నాభ్యంతరం 1200 మిల్లీమీటర్లు. దానికి 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, 12 మి.మీ. పెడితే 100 రెట్లు, 6 మి.మీ. పెడితే 200 రెట్లు వస్తాయి. 2 మి.మీ. ఐపీస్‌తో 600 రెట్లు కూడా లెక్కకు వస్తాయి గాని, అప్పుడు కనిపించేది మసకబారిన ముద్ద మాత్రమే. అద్దం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రెట్టింపు చేస్తే వచ్చే అంకెను గరిష్ఠ పరిమితిగా చెబుతారు. వాతావరణంలోని కదలిక వల్ల చాలా రాత్రులు ఆ అంకెలో సగం దాటడమే కష్టం.

ఒక్క ఐపీస్‌కే డబ్బు ఉన్నవారికి నేను చెప్పేది 12 మి.మీ. ప్రాంతంలోనిది, మంచిది, ఒకటి తీసుకోమని. ఇది పల్లెలోని చీకటి ఆకాశం కింద ఉన్నవారికి ఇచ్చే సలహా కాదు. చుట్టూ ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతుండగా డాబా ఎక్కే పట్టణవాసులకు ఇచ్చేది. తక్కువ రెట్లలో చూసినప్పుడు ఐపీస్ నుంచి కంటిలోకి వచ్చే కాంతిపుంజం వెడల్పుగా ఉండి, నక్షత్రాలతో పాటు ఊరి వెలుతురు నిండిన ఆకాశాన్ని కూడా బూడిదరంగు తెరలా తెచ్చి కళ్ళ ముందు పరుస్తుంది. రెట్లు పెంచినకొద్దీ ఆ తెర పలచబడి నల్లబడుతుంది. నక్షత్రాలు మాత్రం బిందువులు గనుక ఒక హద్దు వరకు తమ వెలుగును కోల్పోవు. నా టెలిస్కోపులో 12 మి.మీ. ఐపీస్ ఇచ్చే కాంతిపుంజం సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, పట్టణపు ఆకాశానికి అది చక్కగా సరిపోతుంది. 40 మి.మీ. ఐపీస్ అయితే దాదాపు 7 మిల్లీమీటర్ల పుంజాన్ని ఇస్తుంది. యాభై దాటిన చాలామంది కనుపాప చీకట్లో సైతం అంత తెరుచుకోదు కనుక, కష్టపడి పోగుచేసిన వెలుతురులో కొంత కనుపాప అంచు మీద పడి వృథా అవుతుంది.

ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మన ప్రాంతానికి దొరికిన వరం ఒమేగా సెంటారీ. సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో లక్షలాది నక్షత్రాలు కిక్కిరిసి ఉన్న ఈ గోళాకార తారాగుచ్ఛం లండన్‌లో ఉన్నవారికి ఏనాడూ ఉదయించదు. విజయవాడలో మాత్రం మే మొదటి వారంలో రాత్రి 11 గంటల ప్రాంతంలో దక్షిణ దిగంతం నుంచి 26 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. 25 మి.మీ. ఐపీస్‌లో అది ఊరి వెలుతురులో కలిసిపోతున్న తెల్లని మచ్చలాగే ఉంటుంది. ఐపీస్ మార్చి 100 రెట్లకు వెళ్ళి, కాసేపు కళ్ళార్పకుండా చూడాలన్న ఆత్రం మానుకొని నెమ్మదిగా చూస్తే, ఆ మచ్చ అంచుల నుంచి లోపలికి నక్షత్రాలుగా విడిపోవడం మొదలవుతుంది. దక్షిణాన ఎత్తైన అపార్టుమెంటు లేనివారు అదృష్టవంతులు.

మే నెలలో ఇంకొక చిక్కు ఉంది. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి చాలాసేపటి వరకు వేడిని పైకి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి గుండా చూసినప్పుడు శని వలయాలు నీటి అడుగున ఉన్నట్లు వణుకుతాయి, 6 మి.మీ. ఐపీస్ ఆ వణుకును మరింత పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. సాయంత్రమే డాబా మీద నీళ్ళు చల్లడం, టెలిస్కోపును గంట ముందుగా బయట పెట్టి అద్దం చల్లబడనివ్వడం, గ్రహాల పరిశీలనను పదకొండు తరువాతకు వాయిదా వేయడం తప్ప దీనికి వేరే మందు లేదు. పెరడు ఉన్నవారు మట్టి నేల మీదో గడ్డి మీదో నిలబెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

టెలిస్కోపును నిలబెట్టే పీఠం విషయంలోనూ మన అక్షాంశం తన మాట చెల్లించుకుంటుంది. ఆకాశం తిరిగే తీరుకు తగ్గట్టు ఒకే అక్షం చుట్టూ తిరిగే ఈక్వటోరియల్ పీఠం అక్షాన్ని ధ్రువనక్షత్రం వైపు తిప్పాలి. విజయవాడకు ఆ నక్షత్రం పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కనుక అది ఏ నీళ్ళ ట్యాంకు వెనకనో దాగుతుంది. అక్షం దాదాపు పడుకున్నట్లు ఉండటం వల్ల టెలిస్కోపుకు సమతూకంగా అమర్చే బరువుదిమ్మె ముక్కాలిపీటకు తగలవచ్చు. అమెరికాలో వీధుల్లో జనానికి ఆకాశం చూపిస్తూ జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన చెక్కపీఠానికి ఈ బెడద లేదు, దానికుండే లోపం వేరు. సరిగ్గా నడినెత్తికి వచ్చిన వస్తువును అది సాఫీగా వెంబడించలేదు. 2026 జనవరిలో మిథునంలో ప్రకాశించిన గురుడు మనకు నడినెత్తికి చాలా దగ్గరగా వచ్చే గ్రహం కావడంతో, అర్ధరాత్రికి కాస్త ముందో వెనకో చూడటమే మేలు అనిపించింది.

ఐపీస్‌ల రకాల గురించి కొట్లాటలకు అంతులేదు. వియన్నాకు చెందిన గియోర్గ్ సైమన్ ప్లూసెల్ 1860లో రూపొందించిన నమూనా ఇప్పటికీ చవకలో దొరికే నిజాయితీ గల సరుకు. కాకపోతే 6 మి.మీ. ప్లూసెల్‌లో చూడాలంటే కనురెప్పల వెంట్రుకలు గాజుకు తగిలేంత దగ్గరగా కన్ను పెట్టాలి, మన ఉక్కపోతలో ఆ చెమటకు గాజు క్షణాల్లో మబ్బు పడుతుంది. కళ్ళజోడు తీయలేనివారికి అది అసలే పనికిరాదు. అపోలో చంద్రనౌక శిక్షణ యంత్రాలకు కటకాలు రూపొందించిన ఆల్ నాగ్లర్ 1980 ప్రాంతంలో 82 డిగ్రీల విశాల దృశ్యం ఇచ్చే ఐపీస్‌లను తెచ్చారు. వాటి ఖరీదుకు ఇంకో టెలిస్కోపు వస్తుందన్నది మా ఇంట్లో తరచూ వినిపించే వాక్యం. నా అభిప్రాయంలో చేత్తో నెట్టే డాబ్సోనియన్‌కు విశాల దృశ్యం విలాసం కాదు, ఎందుకంటే వస్తువు దృశ్యంలోంచి జారిపోయేలోగా చూడటానికి ఎక్కువ వ్యవధి దొరుకుతుంది.

ఇంటి ఆవరణలో టెలిస్కోపు పెట్టుకోవడం కోస్తాకు కొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. ఆ తేమలో వారు గాజును ఎలా కాపాడుకున్నారో అని నాకు కుతూహలం. మా దగ్గర వర్షాకాలంలో నెలల తరబడి డబ్బాలోనే ఉండిపోయిన కటకం మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది, ఒకసారి పూతను తినేశాక తుడిచినా పోదు. మంచు పడిన ఐపీస్‌ను తడితోనే మూత వేయకుండా, గదిలో పూర్తిగా ఆరనిచ్చి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. రంగు మారే రకం గింజలైతే, రంగు మారగానే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు.