వారానికి ఒక్క సాషే

మూడేళ్ల పాటు నాది నైట్ షిఫ్టు. తెల్లారి ఆరింటికి ఇంటికొచ్చి, కర్టెన్లు వేసుకుని పడుకుంటే లేచేసరికి పొద్దు వాలిపోయేది. పోయిన ఏడాది వానలు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా జలుబు నన్ను వదల్లేదు. తగ్గిందనుకునేలోపే మళ్లీ గొంతు నొప్పి, ఆ వెనకే పది రోజుల దగ్గు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న విటమిన్ సి మాత్రలు రోజూ చప్పరించాను. ఏం మారలేదు.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ముందు అడిగింది దగ్గు గురించి కాదు. "ఎండలో నిలబడి ఎన్నాళ్లయిందమ్మా?" అన్నారు. రక్తపరీక్షలో విటమిన్ డి 9 వచ్చింది. 20 కంటే తక్కువుంటే లోపమే అన్నారు. ఊపిరితిత్తుల్లోని రక్షణ కణాలు సూక్ష్మజీవుల్ని చంపే ప్రొటీన్లు తయారుచేసుకోవడానికి ఈ విటమిన్ కావాలట. 60,000 యూనిట్ల సాషే, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు, భోజనం చేశాక పాలల్లో కలుపుకుని తాగమన్నారు.

షాపులో కవరు మీద పెన్నుతో 1-0-0 అని రాసిచ్చారు. రోజూ పొద్దున ఒకటి అని దాని అర్థం. నేనూ అలాగే మూడు రోజులు తాగేశాను. నాలుగో రోజు అమ్మ చీటీ తీసి చూసి, "వారానికి అని రాసుంది కదే!" అంది. నా చేతులు చల్లబడిపోయాయి. వెంటనే ఫోన్ చేస్తే, ఆపేసి కాల్షియం పరీక్ష చేయించమన్నారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. నార్మల్ వచ్చింది. విటమిన్ సి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా కాదు, కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీల దెబ్బ దాకా వెళ్తుంది. ఈ మాట నాకు షాపులోనే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మూడు వారాలు ఆగి, మళ్లీ వారానికి ఒకటి చొప్పున కోర్సు పూర్తిచేశాను. ఇప్పుడు 34 ఉంది. ఈ ఏడాది జలుబు రెండుసార్లే వచ్చింది. అది సాషేల పుణ్యమేనని మాత్రం చెప్పలేను, ఈలోగా నేను డే షిఫ్టుకు కూడా మారాను. జలుబు, దగ్గు లాంటివాటిని విటమిన్ డి ఆపుతుందా అని 2017లో బ్రిటన్ పరిశోధకులు 25 ప్రయోగాలు కలిపి చూస్తే, లోపం బాగా ఎక్కువున్నవాళ్లకు రోజూ లేదా వారం వారం తీసుకున్న డోసులు మేలు చేశాయి. ఒక్కసారే పెద్ద డోసు వేసుకుంటే ఆ మేలు కనబడలేదు. 2025లో 60,000 మందికి పైగా ఉన్న కొత్త లెక్కలో, మొత్తం మీద చూస్తే ఆ మేలు స్పష్టంగా తేలలేదు. అందుకే లోపం ఉందో లేదో చూడకుండా మా ఆఫీసులో ఎవరైనా "నాకూ ఆ సాషే పేరు చెప్పు" అంటే చెప్పడం లేదు. ముందు పరీక్ష చేయించుకోమంటున్నాను.

పదకొండింటికి మేడ మీద చేతులకు ఎండ తగిలేలా కాసేపు నిలబడుతున్నాను. గాజు కిటికీ పక్కన కూర్చుంటే ఆ ఎండ పనికిరాదు, విటమిన్ తయారుచేసే కిరణాల్ని గాజు ఆపేస్తుంది. ఇప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టు నెలకు ఒక సాషే. డబ్బా మీద అమ్మ లావుపాటి స్కెచ్ పెన్నుతో రాసిపెట్టింది: "ఒకటో తారీఖు మాత్రమే."