వారం వారం మ్యాక్స్ ఎందుకు తమ్మీ?

నల్లగొండలో జిమ్‌లకి పోయేవాళ్లకి శనివారం సాయంత్రం ఎట్లుంటదో తెలుసు. ఒక పిల్లగాడు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పట్టుకుని నిలబడడం) బార్‌కి ఎన్నడూ లేపని బరువు ఎక్కిస్తాడు, ఇద్దరు ఫోన్లు పట్టుకుంటారు, మిగతావాళ్లు అరుస్తుంటారు, నడుం వంగిపోయి మోకాళ్లు వణుకుతుంటే బార్ ఎట్లనో పైకొస్తుంది, వీడియో స్టేటస్‌లోకి ఎక్కుతుంది. వచ్చే శనివారం మళ్లీ అదే మ్యాక్స్, అంటే ఒక్కసారికి లేపగలిగినంత పెద్ద బరువు. పవర్‌లిఫ్టింగ్ పోటీలకు దిగుదామనుకునే పిల్లలు కూడా ఇట్లనే చేస్తుంటే నాకు నిజంగా బాధైతది. వీళ్లకి బలం ఉంది, పట్టుదల ఉంది, కానీ నాలుగు పోటీలు ఆడకముందే నడుం పట్టేసిందనో భుజం లేవట్లేదనో మానేస్తున్నారు.

పవర్‌లిఫ్టింగ్ లెక్క సింపుల్. స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ ఒక్కోదానికి మూడు ఛాన్సులు, ఒక్కోదాంట్లో పాసైన పెద్ద బరువు తీసుకుని మూడూ కలిపితే మీ టోటల్. అంటే మ్యాక్స్ కావాల్సింది పోటీ రోజే. మిగతా రోజులన్నీ ఆ మ్యాక్స్‌ని పెంచుకోవడానికే, అది ఎక్కువగా మ్యాక్స్‌లో 70 నుంచి 85 శాతం బరువులతోనే పెరుగుతుంది. 180 కిలోల స్క్వాట్ ఉన్నవాడు 140 వేసుకుని ఒక్కో సెట్‌లో ఆపకుండా అయిదుసార్లు (అయిదు రెప్స్) లేపుతూ నాలుగు సెట్లు కొడితే చాలు, సెట్ అయ్యాక ఇంకో రెండు వచ్చేవే అనిపించాలి.

ఎక్కడ ఆపాలో బార్‌ని చూస్తే తెలిసిపోతుంది. మూడు రెప్స్ ఒకే వేగంతో లేచాయి, నాలుగోదాంట్లో కింద నుంచి లేస్తూ సగంలో బార్ ఆగినట్టయి, మడమలు తేలి బరువు కాలివేళ్ల మీదికి జారింది, తుంటి ముందు లేచి ఛాతీ కిందికి పడింది. అంతే, ఆ రోజుకి ఆ బరువు బంద్. పక్కనున్నోడు "ఇంకొకటి అన్నా, ఇంకొకటి" అని ఎంత అరిచినా సరే. ఆ రోజు ఏ బరువు, ఎన్ని రెప్స్, ఎంత కష్టంగా లేచిందో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, నాలుగైదు వారాలకోసారి ఒక వారం సెట్లు సగానికి తగ్గించండి.

ఇక మన ఎండలు. మే నెలలో 44 డిగ్రీలు ఉన్నప్పుడు రేకుల షెడ్డు జిమ్‌లో సాయంత్రం అయిదింటికి బెంచ్ మీద పడుకుంటే వీపు కాలుతుంది, చెమటకి బార్ చేతిలో నిలవదు. ఎండలు ముదిరిన నెలల్లో పొద్దున్నే కానిచ్చేయడం మేలు, కుదరకపోతే బరువు అట్లనే ఉంచి సెట్లు తగ్గించుకోవాలి. వర్కవుట్‌కి ముందు, తర్వాత ఒంటి బరువు చూసుకోండి, ఎంత తగ్గితే అంతకు కొంచెం ఎక్కువే లోపలికి పోవాలి. ఉప్పు వేసిన మజ్జిగైనా సరే, ఓఆర్‌ఎస్ అయినా సరే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లు. ఆపరేషన్ టైంలో పేషెంట్ బీపీ పడిపోతే పైకి తేవడానికి డాక్టర్లు వాడే మందు అది. మన రాష్ట్రంలో జిమ్ పిల్లలకి దొంగతనంగా అమ్ముతూ ఎంతోమంది దొరికారు. ఊపిరి బిగబట్టి పెద్ద బరువు లేపేటప్పుడు బీపీ ఆ కొన్ని సెకన్లు 300 దాటినట్టు కొలిచి చూసినవాళ్లున్నారు, దాని మీద బీపీ పెంచే మందు ఎక్కించుకుంటే గుండె ఏం కావాలి? పైగా అది వాడా (ఆటల్లో డోపింగ్‌ని అడ్డుకునే ప్రపంచ సంస్థ) నిషేధిత జాబితాలో ఉంది, దొరికితే పోటీలకి దూరమే. ఎవరన్నా ఇస్తానంటే ఆ జిమ్మే మానేయండి తమ్మీ. నెలకోసారి బీపీ చూపించుకోండి.

తిండికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. ఒంటి బరువు కిలోకి 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ అందితే సరిపోతుంది. గుడ్డుకి 6 గ్రాముల దాకా ఉంటుంది, మన పాలమూరు పల్లీలు 100 గ్రాములకి 25, మిగతాది చికెన్, పప్పు, పెరుగు చూసుకుంటాయి. నిద్ర మాత్రం ఎనిమిది గంటలు, రాత్రి ఫోన్ పక్కన పడేయండి.

మొదటి పోటీకి ఒంటి బరువు తగ్గించుకుని కింది క్లాస్‌లోకి (ఒంటి బరువుని బట్టి చేసే విభాగం) దూరే ఆలోచన వద్దు. 78 కిలోలు ఉన్నవాడు 83 క్లాస్‌లోనే ఆడాలి, 74 కోసం రెండు రోజులు నీళ్లు మానొద్దు. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ ఫెడరేషన్ రూల్స్‌లో ఒంటి బరువు చూసేది పోటీకి రెండు గంటల ముందే, అంతలో ఒళ్లు కోలుకోదు. మొదటి ఛాన్స్‌కి జిమ్‌లో మూడు రెప్స్ సులువుగా వచ్చే బరువే రాయించండి, ఎందుకంటే స్క్వాట్‌లో మూడూ ఫెయిలైతే టోటలే ఉండదు. ప్రతి లిఫ్ట్ తర్వాత వచ్చే బరువు చెప్పడానికి ఒక్క నిమిషమే టైం, ఆ టెన్షన్‌లో లెక్కలు తోచవు కాబట్టి పాసైతే ఎంత, ఫెయిలైతే ఎంత అని ముందు రోజే నోట్‌బుక్‌లో రాసి పక్కనున్న అన్నకో దోస్తుకో ఇచ్చేయండి.